హిల్మన్ కారులో చల్లగాలి పెట్టె

మా జలాలుద్దీన్‌కి ఒక జబ్బుండేది. అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పేసేవాడు. మెకానిక్ అన్నవాడు అనాల్సిన మాటేనా అది? బానెట్ ఎత్తగానే "ఓస్, ఇదా" అనాలి, తిప్పలేమైనా ఉంటే తర్వాత పడాలి. చోడవరంలో మిగతా షెడ్లన్నీ అలాగే బతికాయి. వీడు మాత్రం తల గోక్కుని, "నాకేటీ తెలీడం లేదు బాబూ, రేపు రండి" అనేవాడు. రేపటికి ఆ బండి అనకాపల్లిలో తేలేది. నా సీటు కవర్ల కొట్టు వాడి షెడ్డు పక్కనే. వాడి బేరం పోతే నా బేరమూ పోయేది కనక రోజూ తిట్టేవాణ్ణి. తిట్టినంతసేపూ నవ్వేవాడు, అదింకా ఒళ్ళు మంట.

విశాఖపట్నంలో ఫ్రిజ్‌ల పని నేర్చుకున్నాడు. అక్కడ వాడి భార్య షంషాద్‌కి నీళ్ళు పడక ఇక్కడికి వచ్చేశారు. కార్లలో ఏసీలు అప్పుడప్పుడే కనబడుతున్న రోజులు. మా చుట్టుపక్కల ఆ పని తెలిసినవాడు వీడొక్కడే. అందుకని తొంభై ఆరు వేసవిలో గణపతిరావుగారి పాత హిల్మన్ కారు వీడి దగ్గరికే వచ్చింది.

అది గణపతిరావుగారి నాన్న, సన్యాసినాయుడుగారిది. ఏదో కొండ మీద కాఫీతోట దొర దేశం వెళ్ళిపోతూ అమ్మితే కొన్నారట. ఆయన పోయాక ధాన్యం గాదె పక్కన తుప్పు పట్టింది. గణపతిరావుగారు దాన్ని మళ్ళీ కొత్త కారులా చేయించాలని పట్టుబట్టారు. ఇంజను అయింది, రంగు అయింది, సీట్లు నేను కుట్టాను. "పాత ఏసీ తీసేసి కొత్తది పెట్టీయ్" అన్నారు జలాలుద్దీన్‌తో.

ఆ పాత ఏసీ సంగతి ఊరంతటికీ తెలుసు. తమ కారులో చల్లగాలి మిషను ఉండేదని, నడివేసవిలో కూడా అందులో హాయిగా తిరిగామని గణపతిరావుగారి తల్లి గున్నమ్మగారు నలభై ఏళ్ళుగా చెబుతూనే ఉంది. ఒక్కరూ నమ్మలేదు. ఎవడైనా కోతలు కోస్తే "గున్నమ్మ కారెక్కేవేట్రా" అనడం మా ఊళ్ళో అలవాటైపోయింది. పెళ్ళి పందిళ్ళలో ఆవిడ మొహం మీదే నవ్వేవారు. "మా ఆయన అబద్ధమాడే మనిషి కాడు" అని విస్తరి ముందు నుంచి లేచి వచ్చేసేది. కారు షెడ్డుకి వచ్చిన రోజునే తానూ వచ్చి, "బాబూ, ఆ పెట్టె ఇప్పినపుడు నలుగురికీ సూపించు. నా మాట నిజమని తేలితే సాలు నాకు" అంది.

పెట్టె విప్పాడు. విప్పి నన్ను కేకేశాడు.

"ఒరే పరదేశీ, ఇది సూడు. ఇంజన్లో మరిగిన నీళ్ళు దీన్లోకి వచ్చీలాగ గొట్టాలున్నాయి. గ్యాసు లేదు, కంప్రెసరు లేదు. మరిగిన నీళ్ళతో సల్లగాలి ఎలగొస్తాదిరా?"

"నన్నడుగుతావేట్రా? మెకానిక్కువి నువ్వా, నేనా?"

పెట్టె సంచిలో వేసుకుని విశాఖపట్నం బస్సెక్కాడు. సాయంత్రం మొహం వేలాడేసుకుని దిగాడు. పని నేర్పిన గురువు చూసి పగలబడి నవ్వాడట. అది హీటరు, చలిలో దొరలు కాళ్ళు కాచుకునే సరుకు అన్నాడట.

"అయితే ముసలమ్మవి కోతలే. కొత్త ఏసీ బిగించి నోరు మూసుకో" అన్నాను.

"ఆవిడ సల్లగా ఉండీదంటాది. ఇదేమో ఎచ్చగా ఊదుతాది. రెండూ ఎలగ నిజవవుతాయిరా?"

"రెండూ నిజమెందుకవాలి?"

"ఆవిడ సెప్పినపుడు అబద్ధంలాగ లేదురా."

కొత్త ఏసీ డబ్బా మూలన పడుంది. వీడు కారు చుట్టూ తిరుగుతాడు, కూర్చుంటాడు, లేస్తాడు. చూస్తుంటే నాకూ మతి పోయింది. చివరికి ఇంజను వైపున్న రాగి గొట్టం ఊడదీసి, మసి తుడిచి, నోరు తెరిచాడు. ఆ గొట్టాన్ని సుత్తితో అణగ్గొట్టి, చిల్లు బిందెకి మాటు వేసినట్టు మాటు వేసేసి ఉంది. వేడినీళ్ళు పెట్టెలోకి చుక్క రావు. ఇక అది ఉత్త ఫ్యాను, బయటి గాలిని లోపలికి తోస్తుంది, అంతే. డబ్బు పోసి కొన్న కారులో చక్కటి మిషనుని ఇలా ఎవరు పాడుచేసుకుంటారో మా ఇద్దరికీ అంతు పట్టలేదు.

మర్నాడు గున్నమ్మగారు కొడుకుతో వచ్చింది. జలాలుద్దీన్ ఆగలేక అడిగేశాడు. "అమ్మా, కొన్నకాణ్ణించీ సల్లగానే ఉండీదా?"

"ఎక్కడ బాబూ! మొదటి దినం పొయ్యిలో కూకోబెట్టినట్టుంది. ఈ గణపతి కడుపులో ఉన్నాడు. వడ్డాది ఊరు దాటకముందే కక్కీసినాను. సచ్చినా ఈ కారెక్కనన్నాను. ఆయన కారట్టుకెళ్ళి పొద్దోయినాక తెచ్చేడు. సల్లగాలి మిషను ఏయించేనే, కూకో, అన్నాడు. కూకున్నాను. నిజంగా సల్లగా ఉంది."

నోరు మూసుకోమని నేను వీడి చెయ్యి గిల్లాను. వింటేనా! "ఆయన ఏ మిషనూ ఏయించలేదమ్మా. ఇది దొరల వేడిగాలి పెట్టి. వేడినీళ్ళ గొట్టం మూయించేడు. ముందటి వేడి పోయింది గనక మీకు సల్లగా తగిలింది. మీరు సెప్పింది నిజవే. ఆయన సెప్పింది..." అని అక్కడ ఆగిపోయాడు.

గణపతిరావుగారు "మా నాన్న భలేవోడు!" అని నవ్వారు. ఆవిడ నవ్వలేదు. గొట్టం చేతిలోకి తీసుకుని ఆ మాటు మీద వేలు పెట్టి రాసింది. మొహం ఎర్రబడింది. నాకు భయమేసింది, జాలీ వేసింది.

తలుపు తీసుకుని కారు ముందు సీట్లో కూర్చుంది. సన్యాసినాయుడుగారు కూర్చుని నడిపిన సీటు వైపు తిరిగింది.

"ఊరంతా నన్ను నవ్వతంటే పక్కన నిలబడి మీసం దువ్వుకున్నావు. నీకోసం నాను అందరితో తగూలాడేను. నాకైనా సెప్పొచ్చు గదరా, దొంగసచ్చినోడా! ఇప్పుడు నిన్నెక్కడికొచ్చి తిట్టను?"

జలాలుద్దీన్ మమ్మల్నిద్దర్నీ బయటికి రమ్మని సైగ చేశాడు. తిట్లు చాలాసేపు వినిపించాయి, మధ్యమధ్య ఏడుపు కూడా. ఆ రోజు కొత్త ఏసీ డబ్బా ఎవరూ విప్పలేదు.