రోజూ జరంత పడే వాన

ప్రపంచ వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ నమూనాలు వానను ఎంతవరకు సరిగ్గా చూపిస్తాయో పరిశీలించడం హైదరాబాద్‌లో నా ఉద్యోగం. అక్క తాండూరు దగ్గర కంది వేస్తుంది. మొన్నటి వానాకాలంలో చాలా రోజులు చినుకు లేదు. తర్వాత ఒకే సాయంత్రం కుండపోతగా కురిసింది. చేలో నీళ్లు నిలిచి కంది చచ్చిపోతోందని అక్క ఫోన్ చేస్తే బస్సెక్కాను. వికారాబాద్ దాటాక కిటికీలోంచి మునిగిన చేలు కనిపించాయి. నాకు ఏమీ అనిపించలేదు.

గట్టు మీద నిలబడి అక్క అడిగింది. “మీ కంప్యూటర్ల మన దిక్కు వాన ఎట్ల పడ్తదే?”

“కాలమంత కలిపితె దగ్గరదగ్గర సరిపోతదక్కా. గానీ అండ్ల రోజూ జరంత జరంత పడ్తది. గిట్ల ఒక్కపారి కుమ్మరించుడు సరిగ్గ రాదు.”

“రోజూ జరంత పడితె మస్తుగుంటుండె,” అంది అక్క.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే కంప్యూటర్‌లో పడే ఆ వానను తలచుకుంటోంది.

ఏడుపు వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. అక్కకూ రాలేదు. చెప్పులు విడిచి ఇద్దరం బురదలోకి దిగాం. మొక్కలు పట్టుకుంటే చాలు, ఊడి వచ్చాయి. పొద్దుగూకేదాకా పీకి కుప్ప వేశాం. ఆ చోట శనగ వేస్తానంది అక్క. సరే అన్నాను.