అతని గిటారులోని కీచు

మా బ్యాండులో లీడ్ గిటార్ వాయించిన మిత్రుడు పోయిన రెండు వారాలకు అతని భార్య ఫోన్ చేసింది. ముప్పయ్యో రోజు ప్రార్థన తర్వాత చర్చి హాల్లో, అతను స్టేజీ మీద ఎప్పుడూ వాయించే సోలో నన్ను వాయించమంది.

"అచ్చం ఆయన వాయించినట్లే ఉండాల అన్నా. నీకు తప్ప ఇంగెవురికీ రాదు."

కాదనలేకపోయాను. ఇరవై ఏళ్లు అతని పక్కన నిలబడి రిథమ్ వాయించింది నేనే. చివరి మూడేళ్లు మాత్రం మా మధ్య మాటల్లేవు.

రాబర్ట్‌సన్‌పేటలో వాళ్లింటికి వెళ్లి అతని గిటారు, ఆంప్లిఫయరు తెచ్చుకున్నాను. ఒక పాత ప్రోగ్రాం వీడియో ఆమె ఫోన్లో ఉంటే పంపించింది. అందులో అతని సోలో రేకు మీద మేకుతో గీసినట్టు మొదలై, పోను పోను ఏడుపులా సాగుతుంది. వారం రోజులు డ్యూటీ నుంచి రాగానే దాని వెంటే పడ్డాను. పెడల్స్ మార్చాను. కొత్త తీగలు వేశాను. స్పీకరును రేకు డబ్బా మీద పెట్టి కూడా చూశాను. నోట్లన్నీ వచ్చాయి, ఆ మోత మాత్రం రాలేదు. నాది మరీ మెత్తగా, మర్యాదగా ఉంది.

ఆంప్లిఫయరు మీద ఒక్కో నాబ్ పక్కన గోళ్లరంగుతో ఎర్రటి చుక్క ఉంది. కీచు శబ్దాన్ని పెంచే ట్రెబుల్ దగ్గర ఆ చుక్క చిట్టచివర ఉంది. అంత పైకి తిప్పితే చెవులు చిల్లులు పడతాయి, ఎవరూ తిప్పరు. పొరపాటున పెట్టి ఉంటాడని వదిలేశాను. ఏ దారీ తోచక చివరికి ఆమెనే అడిగాను.

"పొరపాటు కాదన్నా. ఆ చుక్కలు పెట్టింది నేనే" అంది. "ఆయనకు కీచుమనే సన్న శబ్దాలు వినపడేది నిలిచిపోయుండె. రేకులు గుద్దే ప్రెస్ షాపులో, ఆ మోతలో అన్నేండ్లు చేసినాడు కదా. అంత పైకి పెడితేనే ఆయన గిటారు ఆయనకు వినపడేది."

"మాతో ఒక మాట చెప్పుంటే ఏమమ్మా?"

"చెప్తానంటే నాతో కొట్లాడినాడు. చెవిటోడని తెలిస్తే మల్ల స్టేజీ మీదికి యాడ రానిస్తారు అనేవాడు."

నాకు ఫ్యాక్టరీల పక్కనున్న నరసాపురం బస్టాపు గుర్తొచ్చింది. కంపెనీ బస్సు దిగి వెళ్తున్న అతన్ని వెనక నుంచి మూడుసార్లు పిలిచాను. తిరిగి చూడలేదు. రిహార్సల్లోనూ పిలిస్తే పలికేవాడు కాదు. పొగరెక్కిందనుకున్నాం. ఆ మాట మొదట అన్నది నేనే. తర్వాత ప్రోగ్రాములకు అతన్ని పిలవడమే మానేశాం. ఎందుకని అతనూ అడగలేదు.

ఆ సాయంత్రం ట్రెబుల్‌ను చుక్క దాకా తిప్పి తీగ మీటాను. మొదటి నోటుకే అతను గదిలోకి వచ్చినట్టయింది. వంటింట్లోంచి నా భార్య చెవులు మూసుకుని పరుగెత్తుకొచ్చింది. రెండో నోటు వాయించలేక గిటారు పక్కన పెట్టేశాను.

ప్రార్థన రోజు హాల్లో మొత్తం వాయించాను. ముందు వరుసలో పెద్దవాళ్లు మొహం చిట్లించారు. మా డ్రమ్మరుకు అతని చెవుల సంగతి ముందే చెప్పాను. నేను వాయించినంతసేపూ డ్రమ్మరు తల ఎత్తలేదు. అయ్యాక ఆమె నా దగ్గరికొచ్చి, "అదే అన్నా, ఆయన మోతే" అంది. క్షమించమని అడగబోయాను. ఇంతలో ఎవరో ఆమెను భోజనాల దగ్గరికి పిలిచారు. నేను కేబుళ్లు చుట్టుకుంటూ నిలబడ్డాను. ఆ తర్వాత రెండుమూడుసార్లు కలిశాం గానీ, ఆ మాట ఇప్పటికీ అడగలేదు.