గుండీలే తరువాయి

ఆ వీధి దర్జీకి పరిగెత్తడమంటే పడదు గానీ, పరిగెత్తేవాళ్లను హుషారు చెయ్యడమంటే ప్రాణం. పరుగూ సైకిలూ కలిసిన పందెం ఉన్నరోజు మెడలో టేపు కూడా తియ్యకుండా వచ్చి, మలుపు దగ్గర మడతకుర్చీ వేసుకుని కూర్చుంటాడు. తెలిసినవాడు కనబడితే చాలు, "అయిపోయింది బావా, ఈ మలుపొక్కటే!" అని అరుస్తాడు. దుకాణంలోనూ అంతే. గుడ్డ ఇంకా కత్తెర మొహం చూడకముందే "అయిపోయిందండీ, గుండీలే తరువాయి" అంటాడు. పాపం, అబద్ధాలాడే మనిషి కాదు. ఎదుటివాళ్ల మొహం చిన్నబోతే చూడలేడంతే.

ఈసారి ఆ మలుపు దగ్గరికి అందరికన్నా ముందొచ్చినవాడు అతని స్నేహితుడు, మందులషాపు ఆయన. ఆ కేక నమ్మి ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి ఆ మలుపులోనే తొక్కేశాడు. మలుపు తిరిగితే, ఇంకా ఆరు కిలోమీటర్లని బోర్డు. కాళ్లు పట్టేసి, సైకిలు నడిపించుకుంటూ వెనక్కొచ్చాడు.

"అయిపోయిందన్నావు కదరా!"

"అయిపోయినట్టే కదా బావా!"

మందులషాపు ఆయన మొహం పాలిపోయింది. "ఒరేయ్, ఎల్లుండి నా పెళ్లి. కోటు కూడా అయిపోయిందన్నావు..."

దర్జీ మెడలోని టేపు తీసి, రొప్పుతున్న అతని ఛాతీ చుట్టూ తిప్పాడు.

"అయిపోయినట్టే బావా. కాస్త ఊపిరి బిగబట్టు."