ప్రమాణం చేయించబోయినవాడు

మా ఆవిడ కమ్మలు పోయిన వారం నేను ఏదీ కమ్మగా తినలేదు. వండే మనిషిని అనుమానిస్తూ ఆమె చేతి అన్నమే తినడం అంత తేలిక కాదు. ఆ వంటమనిషి చిత్తూరులో మా ఇంట్లో పదకొండేళ్లుగా చేస్తోంది. నేను ఆమెను దొంగ అనలేదు. తెలుగు మాస్టర్ని కదా, "కమ్మలు చూశావా?" అని మాత్రం అడిగాను. రోజుకు మూడుసార్లు. అలా అడిగానని పక్కింట్లో చెప్పాను కూడా. నేను అనని మాటను వీధి అనేసింది.

ఎనిమిదో రోజు ఆమె గరిటె కింద పెట్టింది. "కాణిపాకం పోదాం రండి సారూ. తలకి నీళ్లు పోసుకోని, తడిబట్టతో వినాయకుడి ముందర ప్రమాణం సేస్తా. ఆడ అబద్ధమాడినోళ్లు ఎవురూ బాగుపడల్యా."

కోర్టులో తేలనివి కూడా అక్కడ తేలతాయని మా వైపు నమ్మకం. బయల్దేరాం. బస్సులో ఆమె ముందు సీట్లో, నేను వెనక. చదివే అద్దాల కోసం సంచిలో చెయ్యి పెడితే పాత అద్దాల డబ్బా తగిలింది. తెరిచాను. కమ్మలు! స్కానింగుకి వెళ్లే రోజు మా ఆవిడ తీసి వంటింటి గట్టు మీద పెడితే, మరిచిపోకూడదని ఆవిడకు చెప్పకుండా నేనే అందులో పెట్టాను. పెట్టిన సంగతి మరిచిపోయాను.

ఇక్కడ 'అమ్మయ్య' అనుకున్నానని రాస్తే బాగుంటుంది. అనుకోలేదు. డబ్బా మూసేశాను. ఆమె ఎలాగూ నిజమే చెబుతుంది, ప్రమాణం వల్ల ఆమెకు నష్టమేముంది? రేపు కమ్మలు ఇంట్లో దొరికితే సరి. ఎక్కడ? బియ్యం డ్రమ్ము వెనక. వంటింట్లో అయితే అనుమానం కొంచెం ఆమె మీదే మిగులుతుంది, నా పెద్దరికం నాకు మిగులుతుంది. సెలవు చీటీ రాయడానికి మూడు కాగితాలు చింపే నేను, ఇదంతా ఒక్క కొట్టివేత లేకుండా రెండు స్టాపుల మధ్య రాసేసుకున్నాను. నాకే అబ్బురమనిపించింది. చంద్రగిరి కోట పైనుంచి మొదటిసారి కిందికి చూసినట్టు ఉంది. ఇంత లోతు నాలోనే ఉందా? ఇన్నేళ్లూ దాని అంచునే చాప పరుచుకుని నిద్రపోయానా?

గుడిలో ఆమె తడి చీరలో వణుకుతూ వచ్చింది. చేతిలో కర్పూరం.

"పోయిందేందో ముందు మీరు సెప్పండి సారూ. మీరు సెప్తేనే గదా నేను కాదనేది."

"కమ్మలు పో..." దాకా వచ్చింది. డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టాను. అది మంచితనమో, దేవుడి భయమో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

"ఎప్పుడు దొరికినాయి?"

"బస్సులో."

"నేను నీళ్లు పోసుకోకముందేనా?"

తలూపాను. ఆమె అరిచినా బాగుండేది. కర్పూరం కొంగున ముడేసుకుంది.

"దేవుడికి తెలుసులే సారూ. మన ఈదిలో సెప్పాల మీరు."

ఊరు చేరాక, ఇంకా ఆరని ఆ చీరతోనే నా పక్కన నిలబడి ఇల్లిల్లూ తిప్పింది. మూడో గడప దగ్గర నా తెలుగు తెలివి చూపించబోయింది.

"కమ్మలు దొరికాయండీ. ఎవరో పొరపాటున డబ్బాలో..."

"ఎవురో కాదు సారూ," అంది ఆమె.

"నేనే పెట్టాను. ఈమె తప్పేం లేదు," అన్నాను. ఆమె అప్పటికే నాలుగో గడప వైపు నడుస్తోంది.