బెండు లేని తాడు

2022లో, వానలు వెనకపట్టిన రోజులు. స్టాఫ్ నర్సుగా నాకు అప్పటికి పదేళ్ల పైబడిన సర్వీసు. రాజాంకీ బొబ్బిలికీ మధ్య ఒక పెద్ద రిజర్వాయరు ఉంది, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు దాన్ని సాగరం అంటారు. ఆ గట్టుకు కూతవేటు దూరంలోనే మా పీహెచ్‌సీ. అందులో డ్రెస్సింగ్ రూమ్, అంటే గాయాలు కడిగి కట్టు కట్టే గది, నా రాజ్యం. అక్కడ నా నోటికి జడవని వాళ్లు లేరు. డాక్టరుగారు కూడా నా చేతికి సాయం వచ్చినప్పుడు పొదుపుగానే మాట్లాడతారు.

నేను పుట్టింది చేపలు పట్టే ఇంట్లోనే. కాబట్టి ఈ సంగతి చెప్పాలంటే ముందు సాగరం పద్ధతి చెప్పాలి. నీళ్లు ఎవరి సొత్తూ కాదు, అన్ని ఊళ్ల వాళ్లూ అక్కడే వేటాడతారు. కొందరు విసురు వల వేస్తారు, కొందరు గాలాల తాడు వేస్తారు. ఒక పొడవాటి తాడుకు జానెడేసి టంగూసు, అంటే నైలాను దారం, ముక్కలతో వరసగా గాలాలు కట్టి, ఎర గుచ్చి, పొద్దు గూకే వేళ నీళ్లలో పరిచి తెల్లారి తీస్తారు. తాడు పైకి కనపడదు. అందుకని రెండు కొసలకూ జీలుగు బెండు కట్టాలి. బెండు తేలుతోందంటే ఇక్కడ గాలాలున్నాయి, చూసుకుని దిగమని అర్థం. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఒకరి తాడును ఇంకొకరు కోయకూడదు. వల చిక్కుపడినా సరే, తాడు పట్టుకుని బెండు దాకా వెళ్లి, పైకెత్తి, ఆ మనిషిని కేకేసి విప్పించుకోవాలి. మా నాన్న పోయి చాలా కాలమైంది గానీ, ఈ రెండు మాటలూ అన్నం ముద్దలతో కలిపి మాకు తినిపించి మరీ పోయాడు.

ఆ రోజు పొద్దున్నే సింహాచలం మావ వచ్చాడు. అవతలి గట్టు ఊరు వాళ్లది. ఒకప్పుడు మా నాన్నతో కలిసి వేటకు వెళ్లిన మనిషి, మాకు వరసకు మావ. కుడి చేతికి తడి తువ్వాలు చుట్టుకుని, కొడుకు బండి మీద వెనక కూర్చుని వచ్చాడు. తువ్వాలు విప్పి చూస్తే బొటనవేలి మొదట్లో గాలం. చిన్నా చితకా గాలం కాదు, వాలుగ చేపకు వేసే పెద్ద గాలం. గుచ్చుకున్న చోట మాత్రమే కాదు, అక్కడినుంచి అరచేతి దాకా కండ చీరుకుపోయి ఉంది.

గాలం కొసన వెనక్కి తిరిగిన ముల్లు ఉంటుంది, దాన్ని బార్బ్ అంటాం. లోపలికి పోవడం సులువు, వెనక్కి లాగితే కండను ఊడదీసుకుని వస్తుంది. అందుకే ఆ చోట మొద్దుబారడానికి లోకల్ ఇంజెక్షన్ ఇచ్చి, గాలాన్ని వచ్చిన దారినే ఇంకాస్త ముందుకు నెట్టి, ముల్లు చర్మం బయటికి వచ్చాక దాన్ని కత్తిరించి, అప్పుడు మిగతాది వెనక్కి తీస్తాం. డాక్టరుగారు ఆ పని చేస్తుంటే నేను చెయ్యి పట్టుకున్నాను. నాకొకటి మాత్రం వింతగా తోచింది. గాలం మెడకు ఎప్పుడూ కాస్త టంగూసో దారమో అంటుకుని ఉంటుంది. దీనికి ఏమీ లేదు, గీకేసినట్టు నున్నగా ఉంది. తోచింది గానీ, అడగలేదు.

ఎలా అయిందని అడిగితే కొడుకే చెప్పాడు. గుండెల లోతు నీళ్లలో వల దేనికో తగులుకుంటే మావ వంగి విప్పబోయాడట. అక్కడో గాలాల తాడు ఉంది. గాలం చేతికి దిగింది. అదే తాడుకు పక్క గాలాన ఒక పెద్ద వాలుగ పడి కొట్టుకుంటోంది. అది గుంజినప్పుడల్లా చెయ్యి చీరుకుపోయింది.

నాకు ఒళ్లు మండింది. మొలలో కత్తి పెట్టుకుని కూడా తాడు కోసుకుని బయటపడలేకపోయావా అని కేకలేశాను.

"ఒకరి తాడు కోత్తామేటి పాపా? బెండు కాడికెళ్లి పైకెత్తితే అదే సడలతాదనుకున్నాను. ఆ సివరికెళ్లాను, ఈ సివరికెళ్లాను. రెండు పక్కలా రాళ్లే ఉన్నాయి, బెండు నేదు" అన్నాడు మావ.

అంటే చేతిలో గాలం పెట్టుకుని, అవతల చేప గుంజుతుంటే, ఎవరిదో తాడు పాడవకూడదని ఆ కొస నుంచి ఈ కొసకు నీళ్లలో నడిచాడు. ఇక లాభం లేదనుకున్నాక ఆ ఒక్క గాలం మటుకు కోసుకుని బయటికొచ్చాడు.

అప్పుడు తిట్లు ఎత్తుకున్నాను నేను. బెండు కట్టకుండా తాడు పరిచిన వెధవ ఎవడో గానీ వాడి చేతులు పడిపోవాలన్నాను. వాణ్ని కన్నవాళ్లు బుద్ధి చెప్పకుండా గాలికి వదిలేశారన్నాను. వాడింట్లో వాళ్లకు ఆ చేపలు ఎలా అరుగుతున్నాయో అన్నాను. బయట ఓపీ చీటీల కోసం నిలబడ్డవాళ్లంతా తలుపు దగ్గర చేరి వింటున్నారు. నాకు ఇంకా ఊపొచ్చింది. మావ తల వంచుకుని, "పోనీ పాపా, ఊరుకో. నీ నోటితో అలాగనకు" అన్నాడు. మెత్తటి మనిషి, అందుకే అందరికీ లోకువ అనుకున్నాను.

గాలం వచ్చింది గానీ బొటనవేలు వంగలేదు. టెండన్, అంటే కండను ఎముకకు కట్టే నరంలాంటి తాడు, తెగినట్టుందన్నారు డాక్టరుగారు. కుట్లు మాతో అయ్యే పని కాదు, ఆపరేషన్ కావాలని విజయనగరం పెద్దాసుపత్రికి రాశారు. మావ ముఖం అప్పుడు పాలిపోయింది. విసురు వల అంచును బొటనవేలితో బిగించి పట్టి తిప్పాలి. ఆ వేలు లేకపోతే వల విప్పారదు. ఆయనకు పొలమూ లేదు, పుట్రా లేదు.

ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్లేసరికి మరదలు గిన్నె నిండా వాలుగ పులుసు పంపింది. తమ్ముడు రమేష్‌ది మా పక్కిల్లే. అక్కనని నన్ను అప్పా అంటాడు. వాడు ట్రాక్టరు తోలతాడు, పని లేనప్పుడు వేటకు వెళతాడు. నేను తింటుంటే వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. చేప బాగుందిరా అన్నాను. బాగుంటుంది గానీ, సాగరంలో వెధవలు ఎక్కువైపోయారు, ఎవడో తన తాడుకు ఒక గాలం కోసుకుపోయాడని వాడు గొణిగాడు.

చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. గాలం కోసినవాడు చేపను ఎందుకు వదిలాడురా అని అడిగాను. అదే తనకూ అర్థం కాలేదన్నాడు. బెండు కట్టావా అని అడిగాను.

"బెండు కడితే దొంగలకి దీపమెట్టి సూపించినట్టే గదప్పా. మనకంటే ముందెల్లి సేపలిప్పుకుపోతన్నారు. మరేటి సేమంటావు?"

నోట్లో ఉన్నది మింగలేను, ఉమ్మలేను. పొద్దున నేను తిట్టినవన్నీ వరసగా గుర్తొచ్చాయి. చేతులు పడిపోవాలన్నది మా తమ్ముడి చేతులు. బుద్ధి చెప్పలేదన్నది మా నాన్నను. ఎలా అరుగుతోందో అన్నది నా కడుపుకు. వాడికి సంగతంతా చెప్పాను. వాడు లేచి ఇంట్లోకి వెళ్లి చొక్కా వేసుకుని వచ్చి, "పద అప్పా" అన్నాడు.

వాడి బండి మీద విజయనగరం వెళ్లాం. ఆసుపత్రి వార్డులో మావ మంచం మీద కూర్చుని ఉన్నాడు, చెయ్యి మెడకు వేలాడదీశారు. మమ్మల్ని ఇద్దరినీ కలిపి చూడగానే ఆయనకు అర్థమైంది. నేను నోరు విప్పేలోపే కుడి పక్కన దిండు కింద చెయ్యి పెట్టి వెతకమని కొడుక్కి సైగ చేశాడు. ఒక కాగితం మడత తీసి నాకిచ్చాడు కొడుకు. అందులో చిన్న టంగూసు ముక్క, దానికి చుట్టిన ఎర్ర దారం. మా అమ్మ పాత చీరల అంచుల నుంచి దారం తీసి మా నాన్న గాలం మెడకు చుట్టేవాడు, జారిపోకుండా. సాగరం మీద ఆ కట్టు మా ఇంటిదే. తమ్ముడికి నేర్పింది నాన్నే.

"నీళ్లల్లోనే సూసినాను, మీ అయ్య కట్టేనని. దారిలో పళ్లతో లాగీసినాను" అన్నాడు మావ.

ఎందుకు మావా అన్నాను.

"నువ్వే గదా మందెట్టాలి. సూసినావంటే నీ సేతులు వణుకుతాయనుకున్నాను."

నేను అంతమందిలో నోరు పారేసుకుంటుంటే ఊరుకోమన్నది ఎందుకో అప్పుడు తెలిసింది. నా తోడబుట్టినవాణ్ని నా నోటితోనే శపిస్తుంటే ఆయన వినలేకపోయాడు. తప్పు మాది, నొప్పి ఆయనది, పరువు కాపాడింది కూడా ఆయనే. భూమి చీలితే బాగుండుననిపించింది. రమేష్ మంచం కోడు పట్టుకుని కింద కూలబడిపోయాడు. తిట్టు మావా, కొట్టు మావా అంటున్నాడు. మావ ఎడమ చెయ్యి వాడి తల మీద పెట్టాడు.

"వాలుగ దక్కిందేటి? పెద్దదే అది. సూసినాను" అని అడిగాడు.

దక్కిందని చెప్పాల్సింది నేనే, తిన్నది నేను. తల ఊపాను.

ఆపరేషన్ అయింది. వేలు సగం వంగుతుంది, బిగి లేదు. విసురు వల ఆయన మళ్లీ పట్టలేదు. రమేష్ ఇప్పుడు ట్రాక్టరు ఎక్కే ముందు అవతలి గట్టుకు వెళ్లి మావ వల వేసి, పడ్డది అక్కడే బుట్టలో పెట్టి వస్తాడు. గాలాల తాడుకు బెండ్లు కడుతున్నాడు. దొంగలు ఇప్పటికీ చేపలు విప్పుకుపోతూనే ఉన్నారు, పోనీ అంటాడు. ఇంత చేసినా ఆ వేలు పూర్తిగా వంగదని మా ఇద్దరికీ తెలుసు.

గాలం ఎలా తీయాలో కొత్తగా వచ్చిన నర్సులకు నేనే నేర్పుతాను. ముల్లును వెనక్కి లాగకండి, ముందుకే నెట్టండి అని చెబుతాను. ఈ కేసు నాకు నేర్పింది మాత్రం వాళ్లకు చెప్పలేదు. గాయం నా బల్ల మీదికి వచ్చినప్పుడు, చేసినవాడు ఎవడో అని ఊరి మీద పడేముందు, ఆ పూట నా ఇంట్లో పొయ్యి మీద ఏముందో చూసుకోవాలి.

సింహాచలం మావ నెలకోసారి బీపీ మాత్రలకు వస్తాడు. ఎడమ చేత్తో అందుకుంటాడు. మొన్న వచ్చినప్పుడు డ్రెస్సింగ్ రూమ్ గుమ్మంలో నిలబడి, "ఏటి పాపా, ఈ మధ్య ఎవుల్నీ తిట్టడం నేదంట, ఒంట్లో బాగునేదా?" అన్నాడు. బయట అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను గానీ, ఆయన చేతికేసి చూశాక నవ్వు రాలేదు.