దండాల బాబాయి లేచి నిలబడితే

కుక్కర్ల ఫ్యాక్టరీలో మా తమ్ముణ్ణి అందరూ దండాల బాబాయి అంటారు. వయసులో గానీ హోదాలో గానీ పెద్దవాళ్ళు ఎవరు పలకరించినా సరే, చేతిలో పని పక్కన పెట్టి, లేచి నిలబడి, దండం పెట్టి, అప్పుడు జవాబు చెబుతాడు. ఆ అలవాటు నేర్పింది నేను. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేనే కాబట్టి వాడిలో ఉన్న మంచి అంతా నా ఖాతాలోకే వస్తుంది. చెడు ఏదన్నా కనిపిస్తే అది పెళ్ళయ్యాక వచ్చి చేరిందే.

వాడిది మూతల పని. బెల్టు మీద కుక్కరు మూతలు వరసగా కదిలి వస్తుంటాయి. వాడు ఒక్కోటి అందుకుని, లోపలి గాడిలో రబ్బరు రింగు పెట్టి, చుట్టూ బొటనవేలితో నొక్కి, మళ్ళీ బెల్టు మీద పెడతాడు. చివర్లో ఒకమ్మాయి ఆ మూతను గిన్నెకు బిగించి పెట్టెలో సర్దేస్తుంది. రింగు లేని కుక్కరులో ఆవిరి నిలవదు, కూత రాదు. కోపమొచ్చి నోరు తెరవలేని మనిషిలాగా బుస్సుమంటూ కూర్చుంటుంది. ఈ రింగులు పెట్టీ పెట్టీ మా వాడి తల నెరిసింది. ఇంట్లో గిన్నె మీద మూత కాస్త వంకరగా ఉన్నా లేచి సరిచేస్తాడు.

అలాంటివాడి వరస నుంచి వెళ్ళిన కుక్కర్లు షాపుల నుంచి ఒకటీ అరా తిరిగి రావడం మొదలైంది. రింగుల్లేవు. మేనేజరు గోడల నిండా హెచ్చరికల బోర్డులు తగిలించాడు. అవి చాలక సూపర్‌వైజరును వెళ్ళి చెప్పమని పురమాయించాడు. ఆ సూపర్‌వైజరు నోట్లో జాగ్రత్త అన్న మాట తప్ప ఇంకోటి ఉండదు, అందుకే వెనకాల జాగ్రత్తయ్య అంటారు. ఆయన వచ్చి జాగ్రత్త చెప్పిన కొద్దీ రింగుల్లేని మూతలు ఎక్కువయ్యాయి. ఎక్కువైన కొద్దీ ఆయన ఇంకా ఎక్కువగా వచ్చి చెప్పాడు. చివరికి మేనేజరు విసిగిపోయి, ఈ వారంలో పని దారికి రాకపోతే గేటు దగ్గర కాపలాకు వేస్తానని మా వాడితో అనేశాడు.

మరదలు ఫోన్ చేసింది.

"వదినా, మీ తమ్ముడు కంచం ముందు కూర్చుని దాన్నే చూస్తున్నారు, తినడం లేదు."

"ఏం వండావేమిటి?"

"వంట సంగతి కాదు వదినా, ఉద్యోగం సంగతి."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా" అని పెట్టేసి బయల్దేరాను.

నేను వెళ్ళేసరికి వాడు అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. "చేతులు నావే అక్కా. రింగు పెట్టాయో లేదో నాకే తెలీడం లేదు. వీటి మీద నమ్మకం పోయింది."

"గేటు దగ్గరేం పని? కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూడటమే కదా."

"ఎక్కడ కూర్చుంటానక్కా, వచ్చేవాళ్ళంతా పెద్దవాళ్ళే."

మర్నాడు పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్ళాను. గేటు మనిషి నన్ను ఆపాడు. ఆపినందుకు తర్వాత బాధపడ్డాడనుకోండి. ఆ గొడవ విని ఒకమ్మాయి వచ్చింది. హెడ్డాఫీసు వాళ్ళు పంపారట. తప్పులు ఎందుకు జరుగుతున్నాయో చూడటమే ఆమె ఉద్యోగం. జీతమిచ్చి మరీ తప్పులు వెతికిస్తారని నాకు అప్పటిదాకా తెలియదు. మా ఇంట్లో ఆ పని నేను ఊరికే చేస్తున్నాను. నేనెవరో తెలిశాక ఆ తప్పులాఫీసరమ్మే నన్ను మేడ మీది అద్దాల గదిలోకి తీసుకెళ్ళింది. అక్కణ్ణుంచి కింద మూతల వరసంతా కనిపిస్తుంది. మేనేజరూ జాగ్రత్తయ్యా అక్కడే ఉన్నారు.

"మీరు ఆయనకేమవుతారు?" అన్నాడు మేనేజరు.

"అక్కను. మా వాడికి తప్పులు చేయడం రాదు. నేను నేర్పలేదు."

"మరి రింగుల్లేని మూతలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయమ్మా?"

"వాటినే అడక్కపోయారా."

ఆఫీసరమ్మ నవ్వాపుకుంది. "నిన్నంతా ఈ గదిలోంచి చూశానండీ. జాగ్రత్తయ్యగారు సెలవులో ఉన్నారు. ఒక్క మూత కూడా తప్పలేదు." సెలవు మాట సరే గానీ, ఆ పేరు ఎదురుగా విని జాగ్రత్తయ్య గుడ్లు మిటకరించాడు.

"ఎందుకు తప్పుతుంది?" అన్నాను. "పద్ధతి తెలిసిన మనిషి. ఎవరన్నా పలకరిస్తే ఇప్పటి పిల్లల్లాగా కూర్చునే ఊఁ కొట్టడు. చేతిలో ఏముంటే అది అక్కడ పెట్టి లేచి నిలబడతాడు."

"అక్కడ అంటే?"

"ఎదురుగా ఏముంటే దాని మీద. పెద్దవాళ్ళ మొహం చూసి మాట్లాడాలి గానీ మూత మొహం చూస్తూ మాట్లాడతామా?"

ఆ అమ్మాయి అద్దంలోంచి కింద నడుస్తున్న బెల్టు వైపు చూసింది. తర్వాత సూపర్‌వైజరు వైపు తిరిగి, "సార్, ఒకసారి కిందికెళ్ళి రోజూ చెప్పేది చెప్పి రారూ" అంది.

ఆయన వెళ్ళాడు. అద్దంలోంచి మాట వినపడకపోయినా నోరు కదలడం చూస్తే ఏమన్నాడో తెలిసిపోయింది. మా తమ్ముడు చేతిలో మూతను బెల్టు మీద పెట్టి, లేచి దండం పెట్టాడు. వాడు మర్యాదగా తల ఊపుతూ ఉంటే, ఆ మూత రింగు లేకుండా బెల్టెక్కి పెళ్ళికూతురిలా తరలి వెళ్ళిపోయింది. కూర్చున్నాక వాడు ఎదురుగా ఉన్న మూత అందుకున్నాడు. అది తర్వాతిది.

"అంటే మనం జాగ్రత్త చెప్పిన ప్రతిసారీ..." అన్నాడు మేనేజరు.

"ఒకటి పోతోందండీ" అంది ఆఫీసరమ్మ.

మేనేజరు తేరుకుని మా వాణ్ణి పైకి పిలిపించాడు. "దొరికిందయ్యా కిటుకు. ఇక మీదట ఎవరు పలకరించినా లేవకు. కూర్చునే జవాబు చెప్పు. నీ సీటు నీదే."

వాడు మళ్ళీ దండం పెట్టాడు. "కాళ్ళు వాటంతటవే లేస్తాయండీ. ఇప్పుడు ఒప్పుకున్నా రేపు మళ్ళీ లేస్తాను. నన్ను గేటుకే పంపించండి."

"ఏమ్మా, మీరైనా చెప్పండి మీ తమ్ముడికి."

అందరూ నా వైపు చూశారు. కూర్చోరా అని ఒక్క మాటంటే వాడి ఉద్యోగం నిలుస్తుంది. ఎప్పుడూ ఆగని నా నాలుక అప్పుడే ఆగింది. "నేర్పడం తెలుసు గానీ, నేర్పింది వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు బాబూ" అన్నాను. వాడు కొంచెం తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. 

"తీసుకోనక్కర్లేదండీ" అంది ఆఫీసరమ్మ. "ఈయన లేవడం మానినా, ఇంకొకరికి ఫోన్ మోగుతుంది, ఇంకొకరికి తుమ్మొస్తుంది. మనిషి అటు తిరిగాక కూడా బెల్టు నడుస్తోంది చూడండి, అదీ తప్పు. కుట్టుమిషనుకు ఉన్నట్టు కాలి కింద పెడల్ పెట్టిద్దాం. తొక్కితేనే బెల్టు నడవాలి. లేస్తే ఆగిపోవాలి. తిరిగి కూర్చునేసరికి ఆయన మూత ఆయన ఎదురుగానే ఉంటుంది."

"లేచినప్పుడల్లా లైనంతా ఆగిపోతుంది కదమ్మా" అన్నాడు మేనేజరు.

"ఆగుతుందండీ. ఎవరూ లేపకపోతే సరి."

పెడల్ పెట్టిన రోజు జాగ్రత్తయ్య అలవాటుగా వెళ్ళి "బాబాయ్, జా" అన్నాడట. బెల్టు ఆగింది. చివర్లో పెట్టెలు సర్దే అమ్మాయి నడుం మీద చేతులు పెట్టుకుని ఆయన వైపు చూసింది. వరసంతా చూసింది. మిగతా సగం మాట ఆయన గొంతులోనే ఉండిపోయింది. బుసకొట్టే కుక్కర్లు రావడం ఆగిపోయింది. మా వాడి సీటు వాడికి ఉండిపోయింది. కాకపోతే పనివేళ పలకరించలేని వాళ్ళంతా టీ వేళకు వచ్చి పలకరిస్తున్నారు, వాడు టీ చల్లారే దాకా నిలబడే ఉంటున్నాడు.

మొన్న మేనేజరు ఎవరో పెద్దమనుషులను వెంటబెట్టుకుని ఫ్యాక్టరీ చూపిస్తూ, మర్చిపోయి, "ఏం బాబాయ్, బాగున్నావా?" అన్నాడట. లైనంతా నిలిచిపోయింది. మా తమ్ముడు లేచి దండం పెట్టి, బాగున్నానండీ అని, భార్య మోకాలి నొప్పి గురించీ, మనవరాలికి ఊడిన పంటి గురించీ చెప్పుకొచ్చాడట. మేనేజరుకు కదలడానికి లేదు, పెద్దమనుషులు పక్కనే ఉన్నారు. అక్క కూడా కులాసాగానే ఉందండీ అని చెప్పడం పూర్తయ్యాకే వాడు కూర్చుని పెడల్ తొక్కాడట.