లాక్టేట్ రిపోర్టు కింద ఒక వాక్యం

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది వేసవిలో నేను మాదాపూర్‌లోని ఒక ప్రైవేటు ఆస్పత్రి ల్యాబ్‌లో బయోకెమిస్ట్రీ విభాగానికి అధిపతిని. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుంది. రిపోర్టు మీద చివరి సంతకం నాది. అంకెకు అర్థం చెబుతూ కింద వ్యాఖ్య రాయడమూ నా పనే. శాంపిల్ సరిగా తీయలేదని అనుమానం వస్తే నిర్మొహమాటంగా వెనక్కి పంపేదాన్ని. వార్డు నర్సులు నాకు 'రిజెక్ట్ మేడం' అని పేరు పెట్టారు. అది విని లోలోపల మురిసిపోయేదాన్ని కూడా.

ఎక్కువగా వెనక్కి పంపింది లాక్టేట్ శాంపిళ్ళనే. కణాలు తిండిని శక్తిగా మార్చుకునే దారిలో అడ్డు పడితే రక్తంలో లాక్టేట్ పెరుగుతుంది, పొయ్యి సరిగా మండకపోతే ఇల్లంతా పొగ కమ్మినట్టు. మామూలుగా అది రెండు లోపు ఉండాలి. కానీ ఇది మహా పెంకి పరీక్ష. చేతికి పట్టీ ఎక్కువసేపు బిగించినా, ట్యూబును ఐస్‌లో పెట్టకుండా ఆలస్యం చేసినా, బిడ్డ గింజుకుని ఏడ్చినా అంకె పెరిగిపోతుంది. అందుకని పసిపిల్లల రిపోర్టు ఎక్కువగా వస్తే నా చేయి అలవాటుగా ఒకే వాక్యం టైపు చేసేది: "బిడ్డ ఏడ్చినందువల్ల పెరిగి ఉండవచ్చు, స్థిమితపడ్డాక మళ్ళీ పంపండి."

ఒక సోమవారం ఉదయం తొమ్మిదింటికి మూడు నెలల ఆడపిల్ల శాంపిల్ వచ్చింది. తల్లి మంజుల దగ్గర్లోని ఐటీ టవర్‌లో హౌస్‌కీపింగ్ పని చేసేది. తండ్రి క్యాబ్ డ్రైవరు. మంజుల నారాయణపేట వైపు పుట్టింట్లో కాన్పై, రెండు రోజుల కిందటే తిరిగొచ్చింది. బిడ్డ పాలు మానేసి ఆయాసపడుతోందని చేర్చారు.

లాక్టేట్ తొమ్మిది దాటింది. నాలుగు దాటితే వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలన్నది మా ల్యాబ్ నియమం. అంతకు ముందు, రక్తం తీసిన రూతమ్మకు ఫోన్ చేసి బిడ్డ ఏడ్చిందా అని అడిగాను. ఆమె ముప్పయ్యేళ్ళుగా పసిపిల్లల నరాలు వెతికిన మనిషి. "ఏడ్చిందండి, మేడం. కానీ..." అంది. నాకు కావలసిన జవాబు దొరికింది, ఫోన్ పెట్టేశాను. ఏడుపుకు అంకె ఐదు దాకా పోవడం చూశాను గాని తొమ్మిది ఎన్నడూ చూడలేదు. అయినా నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. డ్యూటీ డాక్టరుకు ఆ వాక్యమే చదివి వినిపించాను.

అతను చిన్నవాడు, నా మాట మీద గురి ఉన్నవాడు. నిమ్ము అనుకుని ఆక్సిజన్, యాంటీబయాటిక్స్ మొదలుపెట్టి, రెండో శాంపిల్ కోసం బిడ్డ కుదుటపడేదాకా ఆగాడు. పిల్లల పెద్ద డాక్టరు ఓపీ ముగించుకుని వచ్చేసరికి ఒంటిగంట. ఆయన బిడ్డను చూసి థయమిన్ ఇంజెక్షన్ తెమ్మన్నారు. మందు సిరంజిలోకి ఎక్కిస్తుండగానే బిడ్డ గుండె ఆగిపోయింది.

సాయంత్రం ఆయన ల్యాబ్‌కు వచ్చారు. కోప్పడలేదు. గొంతు పోయిన ఏడుపు, ఉబ్బిన గుండె, తొమ్మిది లాక్టేట్ కలిసి కనిపిస్తే ముందు థయమిన్ లోపం అనుకోవాలన్నారు. థయమిన్ అంటే బి-వన్ విటమిన్. అది లేకపోతే కణంలో ఇంధనం ఉన్నా మండదు. వేళకు ఇంజెక్షన్ పడితే కొన్ని గంటల్లోనే తేరుకునే పిల్లలున్నారు. ఆయన వెళ్ళాక రూతమ్మను పిలిచి, ఉదయం ఏం చెప్పబోయావని అడిగాను. "నోరంతా తెరిచి ఏడ్చిందండి, గొంతు మాత్రం రాలేదు," అంది.

తల్లి రక్తం బయటి ల్యాబ్‌కు పంపితే థయమిన్ బాగా తక్కువని వచ్చింది. మంజుల కాగితాల కోసం వచ్చిన రోజు, రిపోర్టు వివరించడానికి డాక్టరు నన్నూ కూర్చోబెట్టారు. కాన్పయ్యాక ఏం తిన్నావని అడిగారు.

"పథ్యం మంచిగ జేసిన సార్. గంజి వార్చిన అన్నం, ఎల్లిగడ్డ కారం, గంతే. పప్పు ముట్టలే, కూర ముట్టలే. బిడ్డకు ఏమన్న అయితదని ఒక్కపూట గూడ తప్పలే."

వార్చిన గంజితో పాటే బి-వన్ పోతుందని, తల్లి ఒంట్లో లేనిది పాలలోకీ రాదని, మళ్ళీ కాన్పైతే పప్పు, కూరలు అన్నీ తినాలని, బి-వన్ మాత్రలు మానొద్దని ఆయన చెప్పారు. చెప్పక తప్పదు. ఆమె నా వైపు తిరిగింది. "గట్లయితే నా పాలతోనే అయిందా, మేడం?"

నీ తప్పు కాదమ్మా, తెలియక జరిగింది అన్నాను. అది సగం నిజం. ఉదయం తొమ్మిదింటికే ఆ అంకె మా చేతిలో ఉందని, నాలుగు గంటలు నా వాక్యం కింద పడి ఉందని చెప్పలేదు. తన పాలే బిడ్డను చంపాయని నమ్మి ఆమె వెళ్ళిపోయింది. నాకు ఆ రోజు సిగ్గేసింది, ఇప్పటికీ వేస్తుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, శాంపిల్ స్లిప్పులో ఏడుపు ఎలా ఉందో రాసే గడి ఒకటి పెట్టించాను. రెండో శాంపిల్ వచ్చేదాకా మొదటి అంకెను నిజమనే అనుకుని వైద్యం నడవాలని, అనుమానం రాసే ముందు రక్తం తీసిన మనిషి మాట చివరిదాకా వినాలని, రిటైరయ్యేవరకు ప్రతి కొత్త ఉద్యోగికీ నేర్పాను. మంజుల ఫోన్ నంబరు ఆ రెండేళ్ళూ రికార్డులోనే ఉంది. నేను చేయలేదు.